పాత్రధారణ క్రీడలో వ్యూహరచన, కార్యకల్పన: ఒక పరిశీలన

మానవుడు ఆటను కనిపెట్టిన నాడే యుద్ధానికొక ప్రతిబింబాన్ని కూడ కనిపెట్టాడు. చదరంగంలో రాజు, మంత్రి, ఏనుగులు, గుర్రాలు, బంట్లు ఉన్నాయి. మన పల్లెలలో రచ్చబండ మీద సుద్దతో గీసి ఆడుకొనే పులిజూదంలో మూడు పులులు, పదిహేను మేకలు ఉన్నాయి. పులి మేకను చంపగలదు, మేక పులిని చంపలేదు. అయినప్పటికి నేర్పరి చేతిలో మేకలే గెలుస్తాయి. ఆ గెలుపు ఏ ఒక్క మేక బలం వల్లనూ వచ్చినది కాదు. ఒకదాని వెనుక మరొకటి నిలిచి, పులి దూకవలసిన చోటు ఖాళీ లేకుండ చేయడం వల్ల వచ్చినది. బలహీనులు స్థానబలం చేత బలవంతులను కట్టడి చేయవచ్చునన్న సత్యాన్ని మన పెద్దలు ఒక బండరాతి మీద గీసి పెట్టారు.

గత సంవత్సరం మన కళాశాల కమిటీ సమావేశంలో, వసతి గృహ విద్యార్థులు కంప్యూటర్ ఆటలతో కాలం వృథా చేస్తున్నారన్న ప్రస్తావన వచ్చింది. ఆ ఆటలను పూర్తిగా నిషేధించాలని కొందరు, చూచీచూడనట్లు పోనివ్వాలని కొందరు అన్నారు. పెద్దలు నా అభిప్రాయం కూడ అడిగారు. తెలియని విషయం మీద తీర్పు చెప్పడం ఉపాధ్యాయునికి తగదు గనుక నేను కొంత గడువు కోరాను. వేసవి సెలవులలో మా తమ్ముని ఇంట, ముగ్గురు విద్యార్థులను పక్కన కూర్చోబెట్టుకొని, అట్టి ఆటలలో పేరు గాంచిన ఒకదానిని ఆద్యంతం పరిశీలించాను. ఆ పరిశీలన ఫలితమే ఈ వ్యాసం. ఇందులో నా ఓటమి ఒకటి కూడ ఉన్నది. దానిని దాచుకొనే ఉద్దేశం నాకు లేదు.

క్రీడ పుట్టుక

ఈ క్రీడకు మూలం సైనిక శిక్షణలో ఉన్నది. ప్రష్యా దేశంలో రైస్విట్జ్ వంశీయులైన తండ్రీకొడుకులు యుద్ధాభ్యాసం కోసం 'క్రీగ్‌స్పీల్' అనే ఆటను రూపొందించారు. తండ్రి 1812లో దానిని రాజుకు చూపించాడు. కుమారుడు నియమాలను సంస్కరించి 1824లో ప్రచురించాడు. పటం మీద సేనలను కదపడం, పాచికలతో జయాపజయాలను తేల్చడం, మధ్యవర్తి తీర్పు చెప్పడం ఇందులోని ప్రధానాంశాలు.

అటు తరువాత సుమారు 150 సంవత్సరాలకు, 1974లో, అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇరువురు 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' అనే ఆటను వెలువరించారు. అప్పటి వరకు ఆటగాడు ఒక సేనను నడిపేవాడు. వీరు ఆ సేనను తీసివేసి, ఒక్కొక్క ఆటగానికి ఒక్కొక్క మనిషిని ఇచ్చారు. ఆ మనిషికి ఒక పేరు, ఒక వృత్తి, కొంత బలం, కొంత బలహీనత ఉంటాయి. అట్టివారు కొందరు కలిసి ఒక సాహస కార్యానికి బయలుదేరుతారు. సేన పోయి సహచరులు వచ్చారు. ఈ చిన్న మార్పుతోనే యుద్ధక్రీడ కథాక్రీడ అయినది. దీనినే మనం పాత్రధారణ క్రీడ అనవచ్చును.

ఈ నియమాలనే కంప్యూటరు మీదికి తెచ్చిన ఆటలు పెక్కు. వానిలో కెనడాకు చెందిన బయోవేర్ సంస్థ 1998లో వెలువరించిన 'బాల్డర్స్ గేట్' ప్రసిద్ధమైనది. దాని రెండవ భాగం 2000లో వచ్చింది. మూడవ భాగాన్ని బెల్జియం దేశపు గెంట్ నగరంలోని లారియన్ స్టూడియోస్ వారు 2023 ఆగస్టు 3న విడుదల చేశారు. మొదటి రెండింటిలో ఆరుగురు సభ్యుల బృందం ఉండగా, మూడవ దానిలో నలుగురు ఉంటారు. మేము ఆడినది ఈ మూడవ భాగమే.

కథ సంగ్రహంగా ఇది. ఒక వికృత జాతి వారు కొందరు మనుషులను బంధించి, వారి తలలలో పురుగులను ప్రవేశపెడతారు. ఆ పురుగు కాలక్రమంలో మనిషిని కూడ ఆ వికృత జాతిగా మార్చివేస్తుంది. అట్లు బందీలై తప్పించుకొన్న వారు ఒకరికొకరు అపరిచితులు, కొందరు పరస్పరం శత్రుభావం గలవారు. ఆపద ఒక్కటే గనుక బృందంగా ఏర్పడతారు. వారిలో లేజెల్ అనే వీరనారి, షాడోహార్ట్ అనే వైద్యురాలైన పూజారిణి, గేల్ అనే మాంత్రికుడు, ఆస్టేరియన్ అనే గూఢచారి ముఖ్యులు.

వంతు, పాచిక, స్థానం

యుద్ధం ఇందులో వంతుల ప్రకారం సాగుతుంది. తన వంతు వచ్చినప్పుడు ప్రతి పాత్రకు ఒక ప్రధాన క్రియ, ఒక అదనపు చిన్న క్రియ, సామాన్యంగా 9 మీటర్ల నడక లభిస్తాయి. కొట్టదలచినవాడు ఇరవై ముఖాల పాచికను వేస్తాడు. వచ్చిన సంఖ్యకు తన నేర్పును కలిపితే ఎదుటివాని కవచపు సంఖ్యను చేరాలి, లేదా మించాలి. లేకున్నచో దెబ్బ తప్పిపోతుంది.

పాచిక అదృష్టమని, అదృష్టంలో విద్య ఏమున్నదని చదువరులు ప్రశ్నింపవచ్చును. నేనూ మొదట అట్లే తలచాను. అయితే పాచిక పడక ముందే ఆటగాడు చేయవలసినది చాల ఉన్నది. ఒక ఉదాహరణ చూతము. దెబ్బ తగలడానికి పాచిక మీద 11 గాని అంతకు మించి గాని పడాలనుకొందము. ఒకే పాచికతో అది నూటికి 50 సార్లు జరుగుతుంది. శత్రువుకు కనబడకుండ దాగి కొట్టితే రెండు పాచికలు వేసి, పెద్ద సంఖ్యను తీసుకొనే అవకాశం ఇస్తారు. అప్పుడు నూటికి 75 సార్లు తగులుతుంది. ఎత్తయిన చోట నిలిచి బాణం వేసినవానికి 2 అదనంగా కలుస్తుంది, పల్లంలో నిలిచి పైకి వేసినవానికి 2 తగ్గుతుంది. అదృష్టాన్ని ఆజ్ఞాపించలేము గాని, దానికి మార్గం వెడల్పు చేయగలము. లోకంలో 'అదృష్టవంతుడు' అనిపించుకొన్న వారిలో ఎందరో ఇట్టివారే.

రెండవ సూత్రం బలాన్ని ఒకచోట కేంద్రీకరించడం. దీనిని తరగతి గదిలో నల్లబల్ల మీద లెక్క వేసినట్లు చూపవచ్చును. శత్రువులు నలుగురు. ఒక్కొక్కనికి 20 పాళ్ళ ప్రాణం. ఒక్కొక్కడు వంతుకు 5 పాళ్ళ గాయం చేయగలడు. మన బృందం నలుగురూ కలిసి వంతుకు 20 పాళ్ళ గాయం చేయగలరు. మనమే మొదట కొట్టుతాము.

మన నలుగురూ నలుగురు శత్రువులను విడివిడిగా కొట్టితే, మూడు వంతుల వరకు శత్రువులందరూ బ్రతికే ఉంటారు. ఆ మూడు వంతులలో మనకు తగిలే గాయం వంతుకు 20 చొప్పున 60. నాలుగవ వంతున అందరూ ఒకేసారి పడిపోతారు. దీనికి భిన్నంగా, నలుగురమూ ఒక్కనిమీదనే పడితే మొదటి వంతున ఒకడు, రెండవ వంతున మరొకడు కూలుతారు. అప్పుడు మనకు తగిలేది 15, 10, 5, వెరసి 30. యుద్ధం రెండు పద్ధతులలోను నాలుగు వంతులకే ముగుస్తుంది. అయినా నష్టం సగానికి సగం తగ్గింది. ఈ ఆటలో గాయపడిన శత్రువు కూడ గాయపడనివానితో సమానంగానే కొట్టగలడు. అందుచేత పదిమందిని గీరడం కంటె ఒక్కని పడగొట్టడం మేలు. పరీక్షలకు చదివే విద్యార్థులకు ఈ లెక్క వేరుగా విప్పి చెప్పనవసరం లేదు.

మూడవది నేల. ఈ ఆటలో నేల మౌనంగా ఉండదు. చమురు ఒలికిన చోట నిప్పు అంటుకొంటుంది. నీటిలో తడిసినవానికి పిడుగు మంత్రం వల్ల కలిగే హాని రెట్టింపవుతుంది. పాతాళ గుహలో ఒక మహా సాలీడు ఉన్నది. అది అగాధం మీద అల్లిన గూళ్ళ వంతెనలపై తిరుగుతుంటుంది. దానితో నేరుగా తలపడితే మా వంటి కొత్తవారికి ఓటమి తథ్యం. అది వంతెన మీద నిలిచిన క్షణంలో ఆ గూటికే నిప్పు పెట్టితే సాలీడు తన గూడు తెగి లోయలో పడి గాయపడుతుంది. శత్రువు దేనిని తన బలమనుకొంటున్నాడో, దానిమీదనే అతడు ఆధారపడి ఉన్నాడని గుర్తించడం వ్యూహకర్త లక్షణం.

బృందధర్మం

ఈ నలుగురిలో సర్వసమర్థుడు ఒక్కడూ లేడు. ఆ లోపమే ఈ ఆటకు ప్రాణం. వీరనారి ముందు నిలిచి దెబ్బలు ఓర్చుకొంటుంది గాని దూరాన ఉన్న గుంపును చెదరగొట్టలేదు. మాంత్రికుడు ఒక్క అగ్నిగోళంతో గుంపును కాల్చగలడు. దాని బలం ఆరు ముఖాల పాచికలు ఎనిమిది వేస్తే వచ్చే మొత్తం. అయితే అతని శరీరం సుకుమారం. పైగా ఆ గోళానికి స్వపర భేదం లేదు. మన వారు మధ్యలో ఉంటే వారు కూడ కాలుతారు. గూఢచారి తాళాలు తీస్తాడు, చాటు నుండి కొట్టుతాడు, ఎదురుగా నిలిస్తే నిలువలేడు.

వైద్యురాలి సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. ఆమె 'ఆశీర్వాదం' అనే మంత్రం వేస్తే ముగ్గురు సహచరులకు దాడి చేసే పాచిక మీద, ఆపద తప్పించుకొనే పాచిక మీద, మరొక నాలుగు ముఖాల పాచిక విలువ అదనంగా కలుస్తుంది. అయితే అట్టి మంత్రాలకు ఏకాగ్రత అవసరం. ఒకే సమయంలో అట్టి మంత్రం ఒక్కటి మాత్రమే నిలుస్తుంది. మంత్రం నిలిపినవారికి దెబ్బ తగిలితే పాచిక వేసి 10ని గాని, తగిలిన గాయంలో సగాన్ని గాని, ఏది ఎక్కువైతే దానిని చేరాలి. చేరకున్నచో మంత్రం చెదిరిపోతుంది. 30 పాళ్ళ గాయం తగిలితే 15 చేరాలన్నమాట. కనుక ముగ్గురికీ బలం ఇస్తున్న ఆ ఒక్కరినీ మిగిలిన ముగ్గురూ కాపాడవలసి ఉన్నది. ఇవ్వడం, పొందడం ఇక్కడ విడదీయరానివి.

ఉర్దూ విభాగపు మిత్రులకు ఈ ధర్మం కొత్తది కాదు. లక్నోలోని నవల్ కిశోర్ ముద్రణాలయం 46 సంపుటాలుగా ప్రకటించిన అమీర్ హమ్జా దాస్తాన్‌లో హమ్జా పరాక్రమం ఎంతటిదైనా, జంబీల్ సంచి భుజాన వేసుకొన్న అమర్ అయ్యార్ యుక్తి లేకుంటే కథ నడవదు. అందులోని తిలిస్మ్ కోటలను కత్తితో పగులగొట్టలేరు. ఆ తిలిస్మ్‌కు లోపల ఉన్న నియమం తెలిసినవాడే దానిని భేదింపగలడు. తెలుగు విద్యార్థులకు భారతంలోని అభిమన్యుడు ఉన్నాడు. అతనికి పద్మవ్యూహంలో ప్రవేశించడం తెలుసు. వెనుక పాండవులు వస్తారన్న నమ్మకంతో ముందుకు పోయాడు. సైంధవుడు దారిలో అడ్డు నిలిచాడు. అభిమన్యుని ఓటమికి అతని బాహుబలంలో లోపం కారణం కాదు, అతనికి తన వారితో సంబంధం తెగిపోవడమే కారణం. ఈ మాట తరగతిలో ఎన్నోసార్లు చెప్పిన నేను దానిని ఎంతవరకు గ్రహించానో ముందు ముందు తెలుస్తుంది.

కార్యకల్పన

ఇక రెండవ అంశం. పాత్రధారణ క్రీడలో ఆటగానికి అప్పగించే పనిని మనం కార్యం అందాము. అధమమైన ఆటలలో కార్యం కూలిపని వంటిది. అడవికి పోయి పది తోడేళ్ళను చంపి రమ్మంటారు. చంపి వస్తే నాణేలిస్తారు. ఆ తోడేళ్ళు ఎందుకు చావాలో చంపినవానికీ తెలియదు, చంపమన్నవానికీ తెలియదు. అట్టి కార్యంలో చేతులకు పని ఉన్నదే గాని మనసుకు పని లేదు.

ఉత్తమమైన కార్యం ఎట్లుంటుందో ఈ ఆటలోని ప్రథమాంకమే చూపుతున్నది. అడవిలో ఒక పచ్చని వనం ఉన్నది. అందులో ప్రకృతిని ఆరాధించే తపస్వులు నివసిస్తారు. ఊరు కోల్పోయి, కొమ్ములు గల జాతి శరణార్థులు పిల్లాపాపలతో వచ్చి అక్కడ తలదాచుకొన్నారు. సమీపంలో గాబ్లిన్ దండు ఆ వనం కోసం వెదుకుతున్నది. తపస్వుల పెద్ద హాల్సిన్ ఆ దండుకు చిక్కాడు. అతని స్థానంలో పెత్తనం వహించిన కాఘా అనే స్త్రీ, శరణార్థులను వెళ్ళగొట్టి ముళ్ళకంచె మంత్రంతో వనాన్ని మూసివేయాలని పట్టుబట్టింది. మన బృందానికి ఈ తగవుతో నేరుగా ఏ సంబంధమూ లేదు. మనకు కావలసినది తలలోని పురుగుకు చికిత్స. ఆ చికిత్స గురించి హాల్సిన్‌కు తెలిసి ఉండవచ్చునని చెబుతారు.

ఇక్కడ రచయితల నేర్పు నాలుగు విధాలుగా కనిపిస్తుంది.

మొదటిది, స్వప్రయోజనం నుండి పరప్రయోజనానికి దారి. ఆటగాడు తన వ్యాధి కోసం బయలుదేరి ఇతరుల కష్టంలో చిక్కుకొంటాడు. ఎవరూ అతనికి నీతి బోధింపరు. నడిచే దారిలోనే ఇతరుల ముఖాలు కనబడతాయి.

రెండవది, పక్షాలన్నింటికి కారణాలుండడం. కాఘా క్రూరురాలిగా కనబడుతుంది గాని, ఆశ్రమం నాశనమవుతుందన్న భయం ఆమె మాటలలో ఉన్నది. భయం చేత తలుపు మూసుకొనేవారు మన లోకంలోను తక్కువ మంది కాదు.

మూడవది, ఉపాయాల బాహుళ్యం. గాబ్లిన్ దండుకు నాయకులు ముగ్గురు. వారిని ఎదిరించి పోరాడవచ్చును. మాటల చాతుర్యంతో వారి స్థావరంలోనికి మిత్రులవలె ప్రవేశింపవచ్చును. వారు త్రాగే మద్యపు తొట్టిలో విషం కలుపవచ్చును. అంతేకాదు, ఆ నాయకులలో ఒకతెయైన మింథారాతో చేరి వనం మీదనే దండెత్తవచ్చును. ఆట ఆ అధర్మాన్ని కూడ అడ్డగింపదు. అయితే దాని వెల వసూలు చేస్తుంది. అట్లు చేసినచో విల్, కార్లాక్ అనే ఇరువురు సహచరులు బృందంతో ఉండరు.

నాలుగవది, ఫలితాలు తిరిగి రావడం. విగ్రహం దొంగిలించినదన్న నేరం మీద ఒక శరణార్థి బాలికను కాఘా పాముతో బెదిరిస్తుంటుంది. అక్కడ మనం మాట్లాడే నాలుగు మాటల మీద ఆ పిల్ల ప్రాణం ఆధారపడి ఉన్నది. మాట నెగ్గకుంటే ఆ పిల్ల చనిపోతుంది. బ్రతికితే రెండవ అంకంలో, చీకటి కమ్మిన నేల మీద, తల్లిదండ్రుల కోసం వెదుకుతూ మరల మనకు ఎదురవుతుంది. ఎప్పుడో చేసిన పనికి ఎన్నడో ముఖాముఖి సమాధానం చెప్పుకోవలసి వస్తుంది.

కాలం కూడ ఇందులో ఒక పాత్రయే. దారిలో ఒక సత్రం అగ్నికి ఆహుతి అవుతుంటుంది. అది చూచి కూడ, అలసితిమని విడిదికి పోయి రాత్రి విశ్రమించితే, తెల్లవారేసరికి సత్రం కాలిపోతుంది, లోపలివారిని రక్షించే అవకాశం తప్పిపోతుంది. విశ్రాంతికి కూడ వెల ఉన్నది. ఒక రాత్రి నిద్రకు 40 పాళ్ళ ఆహారం కావాలి. ఆ నిద్ర తరువాతనే మంత్రశక్తి పూర్తిగా తిరిగి వస్తుంది. రాత్రి విడిదిలో సహచరులు తమ తమ గాథలు చెప్పుకొంటారు. మధిర సుబ్బన్న దీక్షితులవారి కాశీమజిలీ కథలు చదివినవారికి, మజిలీ మజిలీకి ఒక కథ వినిపించిన ఆ పద్ధతి ఇక్కడ జ్ఞప్తికి రాక మానదు.

మా ఓటమి

ఇంతవరకు చెప్పినది పాఠం. ఇక అనుభవం.

మేము నలుగురం ఒకే యంత్రం ముందు కూర్చొని, ఒక్కొక్కరం ఒక్కొక్క పాత్రను పంచుకొన్నాము. పెద్దవాడినని వీరనారి పాత్ర నాకు ఇచ్చారు. వైద్యురాలి పాత్ర ఎవరూ కోరలేదు. దానిలో పేరు రాదు. చివరకు అది మాలో మితభాషి అయిన మొదటి సంవత్సరం విద్యార్థికి దక్కింది.

ప్రథమాంకంలో శరణార్థులను కాపాడాము. మాకు చాల గర్వం కలిగింది. రెండవ అంకంలో, శాపం వల్ల చీకటి కమ్మిన దేశంలో 'లాస్ట్ లైట్' అనే విడిది గృహం ఉన్నది. ఇసబెల్ అనే పూజారిణి తన మంత్రంతో ఆ ఇంటిమీద వెన్నెల గొడుగు పట్టి ఉన్నది. ఆ గొడుగు క్రిందనే మేము కాపాడిన శరణార్థులలో పలువురు ప్రాణాలు నిలుపుకొన్నారు. ఆమె గది మేడమీద. మేము వెళ్ళి ఆమెతో మాట్లాడుతుండగనే, ఆమెను ఎత్తుకొని పోవడానికి రెక్కలు గల శత్రువులు వచ్చి పడ్డారు.

మేడ ఎక్కక ముందు ఆ మొదటి సంవత్సరం విద్యార్థి ఒక మాట అన్నాడు. "సార్, ఈమె మీదనే ఇల్లంతా ఆధారపడి ఉన్నది. ఎవరైనా ఒకరు ఆమె పక్కనే నిలబడితే మంచిది." నేను విన్నాను గాని పట్టించుకోలేదు. యుద్ధం మొదలు కాగానే, పైన చెప్పిన కేంద్రీకరణ సూత్రాన్ని నమ్మి, అందరినీ దూరాన ఉన్న ఒక శత్రువు మీదికి పొమ్మన్నాను. నేను అందరికంటె ముందు పరుగెత్తాను. లెక్క ప్రకారం మేము చేసినది తప్పు కాదు. ఒక్కొక్క వంతుకు ఒక్కొక్క శత్రువు కూలుతున్నాడు. అయితే మిగిలిన వారు మమ్ము విడిచి ఇసబెల్ మీద పడ్డారు. వైద్యురాలు వెనుకకు తిరిగి పోబోతే ఆమె వంతు రావడానికి ఇంకను ఇరువురి వంతులు ఉన్నాయి. ఈలోగా ఇసబెల్ పడిపోయింది. ఆమెను ఎత్తుకొని పోయారు.

వెన్నెల గొడుగు కూలింది. చీకటి లోపలికి వచ్చింది. ప్రథమాంకంలో మేము పేరుపేరునా కాపాడిన వారు శాపగ్రస్తులై, ఆయుధాలతో మా మీదికే వచ్చారు. ఆ పోరాటంలో మేము గెలిచాము. గెలిచిన తరువాత గదిలో ఎవరూ మాట్లాడలేదు.

కంప్యూటరు ఆటలో ఒక సౌకర్యం ఉన్నది. ముందు భద్రపరచిన స్థితికి తిరిగి పోయి మరల ఆడవచ్చును. ఒక విద్యార్థి వెంటనే ఆ మాట అన్నాడు. నాకూ ఆశ కలిగింది. అప్పుడు ఆ మితభాషి విద్యార్థియే, "మనం తిరిగి పోతే ఆమెను కాపాడుతాము గాని, ఎందుకు పోగొట్టుకొన్నామో మరచిపోతాము, సార్," అన్నాడు. మేము తిరిగి పోలేదు. ఖాళీ అయిన ఆ విడిది మీదుగానే ముందుకు నడిచాము. ఉపాధ్యాయ వృత్తిలో పదేళ్ళకు పైగా ఉన్న నేను, ఒక విద్యార్థి చెప్పిన మంచి మాటను, అతడు మొదటి సంవత్సరంవాడు గనుక, మెల్లగా మాట్లాడతాడు గనుక, వినకపోవడం ఇది మొదటిసారి కాదేమో అన్న ఆలోచన ఆ రాత్రి నన్ను నిద్రపోనివ్వలేదు.

వ్యూహానికి మూలం

ఆ ఓటమి నుండి నేను గ్రహించిన సిద్ధాంతం ఒక్కటే. వ్యూహం యుద్ధంలో పుట్టదు, కార్యంలో పుట్టుతుంది. 'ఎవరిని పడగొట్టాలి' అన్న ప్రశ్నకు ముందు 'ఎవరిని నిలబెట్టాలి' అన్న ప్రశ్న వేసుకోవాలి. నా లెక్క సరియైనదే. ఆ లెక్కకు పెట్టిన ప్రశ్న తప్పు. శత్రువులను చంపడమే కార్యమైన చోట బలాన్ని కేంద్రీకరించడం సరియైన సూత్రం. ఒకరిని కాపాడడం కార్యమైన చోట, నలుగురిలో బలవంతుడు ముందుకు పరుగెత్తక, పేరు రాకపోయినా, తలుపు దగ్గర నిలబడవలసి ఉంటుంది.

ఇదే ఆటలో మూడవ అంకంలో సముద్రగర్భంలో ఒక కారాగారం ఉన్నది. నీరు లోపలికి వస్తుంటుంది. పరిమితమైన కొన్ని వంతులలోగా బందీలను విడిపించి బయటపడాలి. బందీలు వేరువేరు దిక్కుల గదులలో ఉన్నారు. అక్కడ శత్రువులతో పోరాడుతూ నిలిచినవాడు తాను గెలిచి బందీలను పోగొట్టుకొంటాడు. బృందం విడిపోయి, ఒక్కొక్కరు ఒక్కొక్క దిక్కుకు పరుగెత్తవలసి ఉన్నది. కలిసి ఉండాలన్న సూత్రం కూడ కార్యాన్ని బట్టి మారుతుందని అది నేర్పుతుంది. మేము అక్కడికి పోయినప్పుడు ఎవరు ఏ దిక్కుకు పోవాలో ముందే కూర్చొని నిర్ణయించుకొన్నాము. మొదట మాట్లాడే అవకాశం వైద్యురాలి పాత్రధారికి ఇచ్చాము. బందీలందరినీ తీసుకొని బయటపడ్డాము.

కార్యాన్ని ఉత్తమంగా కల్పించడమంటే ఈ ప్రశ్నను ఆటగాని చేత వేయించడమే. కార్యంలో కాపాడదగినది ఏదీ లేకుంటే వ్యూహం వట్టి లెక్క. వ్యూహానికి పని లేని కార్యం వట్టి కథ. రెండూ కలిసిన చోట ఆట విద్యకు దగ్గరవుతుంది.

ముగింపు

కమిటీ పెద్దలకు నా విన్నపం ఇది. ఈ ఆట చిన్నపిల్లలకు తగినది కాదు. ఇందులో హింస, శృంగార సన్నివేశాలు ఉన్నాయి. ఐరోపాలో దీనికి 18 సంవత్సరాల వయోపరిమితి విధించారు. ఆ పరిమితిని మనమూ పాటించవలసి ఉన్నది. పైగా ఇది పూర్తి కావడానికి పదుల గంటలు పడుతుంది. పరీక్షల ముందు తెరవదగినది కానే కాదు. ఒంటరిగా తలుపు వేసుకొని రాత్రంతా ఆడే అలవాటును నేను సమర్థించను. అయితే అన్ని ఆటలను ఒకే గాటన కట్టి నిషేధించడం కూడ వివేకం కాదు. ఏ ఆటనైనా మూడు ప్రశ్నలతో పరీక్షింపవచ్చును. ఇందులో నేను ఒకరిని కాపాడవలసి ఉన్నదా? నా లోపాన్ని పక్కవాడు పూరించవలసి ఉన్నదా? నేను చేసిన పని నాకు తిరిగి ఎదురవుతుందా? ఈ మూడింటికి అవునన్న సమాధానం వచ్చే ఆటను సెలవు దినాలలో నలుగురు కలిసి, వేళ నిర్ణయించుకొని ఆడుకొంటే, నిషేధం కంటె అది మేలైన కట్టుబాటు.

ప్రియ విద్యార్థులారా! మీలో అందరూ ముందు నిలిచే వీరులు కారు, కానవసరమూ లేదు. తరగతిలో చివరి బల్ల మీద కూర్చొని, ఒక మంచి మాట నాలుక చివరి వరకు వచ్చి ఆగిపోయే విద్యార్థులను నేను ప్రతి సంవత్సరం చూస్తున్నాను. ఆ మాట చెప్పండి. వినవలసిన బాధ్యత మాది. పులిజూదంలో మేకల గెలుపు, ఏ మేక ఎక్కడ నిలబడాలో తెలిసిన నాడే నిశ్చయమవుతుంది. మీ మీ స్థానాలను మీరు గుర్తించి, ఒకరి వెనుక ఒకరు నిలిచి, మీ మీద ఆధారపడిన వారిని కాపాడుకొంటారని ఆశిస్తున్నాను.

ఈ విషయంలో నేను కొత్తగా ఓనమాలు దిద్దుకొన్నవాడిని. నాకంటె బాగుగా ఆడిన విద్యార్థులు ఇందులో లోపాలు కనుగొన్నచో, సంకోచింపక నాకు తెలియజేయగోరుతాను. ఈసారి తప్పక వింటాను.